టెక్స్చర్ కాన్వాస్‌కు ఫ్రేము కట్టించడం ఎలా

తిరుపతిలో పటం కట్టించడం అంటే చాలావరకు దేవుడి పటమే. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో నడిస్తే దుకాణాల గోడల నిండా శ్రీవారు, పద్మావతీ అమ్మవారు కొలువుదీరి కనిపిస్తారు. ఆ పటాలు కట్టేవారి పనితనానికి వంక పెట్టలేం. అయితే వారి చేయి అలవాటు పడింది పలుచని కాగితపు బొమ్మకు: ముందు అద్దం, దానికి ఆనుకుని బొమ్మ, వెనక అట్ట, చుట్టూ పూలచెక్కడపు బంగారు బీడింగు, అంటే ఫ్రేము పట్టీ. మోడలింగ్ పేస్టు అనే, ఆరాక గట్టిపడే మందపాటి ముద్దతో గట్లు లేపిన కాన్వాస్‌ను, పాలెట్ నైఫ్ అనే చిన్న చదును కత్తితో మందంగా రంగు పూసిన చిత్రాన్ని ఇదే పద్ధతిలో కడితే గట్లు అద్దానికి ఒత్తుకుని నలుగుతాయి. అంచులు బీడింగు కింద చితుకుతాయి. ఏ ఎత్తుపల్లాల (టెక్స్చర్) కోసం ఆ చిత్రాన్ని కొన్నామో అవే కనిపించకుండా పోతాయి.

జనవరిలో బెంగళూరులో జరిగే చిత్ర సంతె అనే బొమ్మల సంత నుంచి, చెన్నై దగ్గర 1966లో ఏర్పడిన చోళమండలం కళాకారుల గ్రామం నుంచి, ఊళ్లోనే బొమ్మలు వేస్తున్న యువకుల దగ్గర నుంచి ఇలాంటి చిత్రాలు మన ఇళ్లకు వస్తున్నాయి. ఫ్రేము అనగానే అందరూ మొదట రంగు గురించి ఆలోచిస్తారు. నా మాట వినండి, రంగును చివరికి ఉంచండి. మొదట లోతు, తరువాత చుట్టూ ఖాళీ, ఆ తరువాత బరువు. ఈ మూడూ తేలేసరికి దుకాణంలోని బీడింగుల్లో చాలావాటిని పక్కన పెట్టేయవచ్చు. మిగిలిన కొద్దిపాటిలో రంగు ఎంచుకోవడం తేలిక.

దుకాణానికి వెళ్లే ముందు

ముందు రంగు ఆరిందో లేదో చూడండి. అక్రిలిక్ పైపొర గంటల్లో ఆరినట్టు అనిపిస్తుంది కానీ, మందమైన పేస్టు లోపల గట్టిపడడానికి వారాలు పట్టవచ్చు. తైలవర్ణమైతే మందపాటి పూతకు నెలలు కావాలి. వేసినవారిని ఎప్పుడు పూర్తిచేశారని అడగడమే మంచి మార్గం. అడిగే వీలు లేకపోతే కాన్వాస్ పక్క అంచు మీదికి మడిచిన చోట, ఎవరికీ కనిపించని మందపాటి చుక్క మీద గోరుతో మెల్లగా నొక్కండి. గుంట పడితే ఇంకా ఆగాలి.

తరువాత కొలతలు. పొడవు, వెడల్పు ఒక్కోచోట కొలిచి సరిపెట్టుకోవద్దు. పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలిచి, అన్నిటికన్నా పెద్ద సంఖ్యను రాసుకోండి. మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పట్టి చూడండి. ఆ రెండు కొలతలూ సమానంగా లేకపోతే కాన్వాస్ చట్రం కాస్త వంకరగా ఉందని అర్థం. చౌకగా దొరికే రెడీమేడ్ కాన్వాస్‌లలో ఇది మామూలే, కంగారు పడనక్కరలేదు. కానీ ఆ విషయం పటం కట్టేవారికి ముందే చెప్పాలి.

అసలు కొలత ఇప్పుడు వస్తుంది. కాన్వాస్ వెనక ఉన్న చెక్క చట్రం మందం చూడండి. సాధారణ కాన్వాస్‌కు 18 నుంచి 20 మిల్లీమీటర్లు, మందపాటి రకానికి 38 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. ఇక బొమ్మ మీద అన్నిటికన్నా ఎత్తయిన గట్టు ఎంతుందో తెలియాలి. కాన్వాస్‌ను బల్ల మీద వెల్లకిలా ఉంచి, దాని కన్నా పొడవైన స్కేలును అడ్డంగా, గట్టుకు తగలకుండా పైన పట్టుకుని, బల్ల నుంచి స్కేలు వరకు ఉన్న ఎత్తు కొలవండి. చట్రం మందం, గట్టు ఎత్తు రెండూ కలిసిన సంఖ్య అదే. దానికి ఇంకో 5 మిల్లీమీటర్లు కలపండి. చట్రం 20, గట్టు 8 అయితే మీకు కావలసిన ఫ్రేము లోపలి లోతు 33 మిల్లీమీటర్లు. చట్రం 38 అయితే అదే గట్టుకు 51. ఈ సంఖ్యను చీటీ మీద పెద్దగా రాసి పట్టుకెళ్లండి. దేవుడి పటాలకు వాడే బీడింగు లోపలి గాడి సాధారణంగా అద్దం, బొమ్మ, అట్ట పట్టేంత మాత్రమే ఉంటుంది. మీ సంఖ్య చూపించగానే ఆ దుకాణంలో మీ పని అవుతుందో కాదో తేలిపోతుంది.

చివరగా బరువు. ఇంట్లో బరువు చూసుకునే మిషను మీద ముందు మీరు నిలబడండి, తరువాత చిత్రాన్ని పట్టుకుని నిలబడండి. తేడాయే చిత్రం బరువు. పేస్టు, ఇసుక, రాతిపొడి వాడిన పెద్ద చిత్రాలు చూడడానికి తేలికగా ఉన్నా పట్టుకుంటే ఆశ్చర్యపరుస్తాయి.

అద్దం గురించి తేల్చుకోండి

దుకాణంలో మీకు ఎదురయ్యే మొదటి ప్రశ్న "అద్దం మామూలుదా, మెరుపు లేనిదా?" అని. కావాలా వద్దా అని అడగరు, ఎందుకంటే వారి దృష్టిలో అద్దం లేని పటం సగం పనే. "అన్నా, ఇది కాన్వాస్. అద్దం వద్దు" అని మర్యాదగా, గట్టిగా చెప్పండి. కాన్వాస్ చిత్రానికి గాలి తగలాలి. అద్దం వెనక తేమ చిక్కుకుంటే బూజు పడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం కంటికి జరుగుతుంది: గట్ల మీద పడే వెలుగునీడలే టెక్స్చర్ చిత్రానికి ప్రాణం, అద్దం మీది ప్రతిబింబాలు వాటిని మింగేస్తాయి.

అద్దం నిజంగా అవసరమయ్యే చోట్లు రెండు ఉన్నాయి. పూజగదికి ఎదురుగా వేలాడదీస్తే దీపం మసి, సాంబ్రాణి పొగ రంగు మీద జిడ్డుగా పేరుకుంటాయి. వంటింటికి ఆనుకున్న భోజనాల గదిలో తాలింపు పొగ అదే పని చేస్తుంది. అక్రిలిక్ రంగు ఎండాకాలం వేడికి కాస్త మెత్తబడుతుంది, ఆ మెత్తదనంలో మసి, దుమ్ము అంటుకుంటే వదలవు. వేరే గోడ ఉంటే చిత్రాన్ని అక్కడికి మార్చడమే ఉత్తమం. గత్యంతరం లేకపోతే లోతైన పెట్టెలాంటి ఫ్రేము కట్టించి, గాజుకు బదులు అక్రిలిక్ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ పలక) వేయించి, అన్నిటికన్నా ఎత్తయిన గట్టుకూ షీటుకూ మధ్య కనీసం 10 మిల్లీమీటర్లు వదలమనండి.

ఇలా ఖాళీ వదలమన్నప్పుడు ఎలా అని అడిగితే తంజావూరు పటాన్ని గుర్తుచేయండి. అందులో కూడా సుద్దముద్దతో బొమ్మను ఎత్తుగా లేపి, పైన బంగారు రేకు అంటించి, రాళ్లు పొదుగుతారు. అవి నలగకుండా అద్దాన్ని దూరంగా నిలపడం మన ఊళ్లో అనుభవమున్న పటాల పనివారికి తెలిసిన విద్యే. కొత్త పేర్లన్నీ చెప్పి తికమక పెట్టడం కన్నా వారికి తెలిసిన పని పేరు చెప్పి అడగడం మేలు. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రం సంగతి వేరు. అది చదునైన బట్ట, సహజ రంగులు వెలుతురుకు వెలుస్తాయి. దానికి అద్దం ఉండాలి, బట్టకు తగలకుండా ఉండాలి.

ఫ్లోటర్ ఫ్రేము ఎందుకు, ఎలా

మామూలు ఫ్రేము పెదవి కాన్వాస్ ముందు అంచును నాలుగు వైపులా దాదాపు 6 మిల్లీమీటర్లు కప్పుతుంది. టెక్స్చర్ అంచు దాకా సాగితే ఆ పెదవి దాన్ని నొక్కుతుంది. మూలన ఉన్న చిత్రకారుడి సంతకం కూడా దాని కిందకు పోవచ్చు. అందుకే ఇలాంటి చిత్రాలకు నేను ఫ్లోటర్ ఫ్రేమునే సూచిస్తాను. ఇందులో కాన్వాస్ ముందువైపు ఏదీ తాకదు. ఇంగ్లీషు అక్షరం 'ఎల్' ఆకారంలో ఉన్న పట్టీ మీద కాన్వాస్ కూర్చుంటుంది. వెనక నుంచి స్క్రూలు బిగిస్తారు. కాన్వాస్‌కూ ఫ్రేము గోడకూ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. చిత్రం ఆ ఖాళీలో తేలుతున్నట్టు కనిపిస్తుంది, అంచు మీది గట్లు, పక్కలకు కారిన రంగు కూడా కనిపిస్తాయి.

ఖాళీ ఎంత ఉండాలి? 12 × 16 అంగుళాల లోపు చిత్రానికి 5 మిల్లీమీటర్లు చాలు. 24 × 36 అంగుళాల చిత్రానికి 8 నుంచి 10 మిల్లీమీటర్లు బాగుంటుంది. మీ కాన్వాస్ వంకర అని ముందే తేలితే ఖాళీని పెంచండి. 5 మిల్లీమీటర్ల ఖాళీలో 3 మిల్లీమీటర్ల వంకర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, 10 మిల్లీమీటర్లలో కంటికి ఆనదు. అంచు మీద టెక్స్చర్ పక్కకు పొడుచుకు వచ్చి ఉంటే దాన్ని కూడా లెక్కలో వేసుకోండి. ఖాళీ లోపలి గోడలకు, అడుగుకు నల్ల రంగు వేయించడం నాకు ఇష్టం. అప్పుడు ఖాళీ ఒక నీడగీతలా మారి, చిత్రాన్ని ఫ్రేము నుంచి స్పష్టంగా వేరుచేస్తుంది.

ఫ్రేము ముందు అంచు అన్నిటికన్నా ఎత్తయిన గట్టు కన్నా కాస్త పైకి ఉండాలి. ఇందాక 5 మిల్లీమీటర్లు కలపమన్నది ఇందుకే. ఎవరైనా భుజం రాసుకుంటూ వెళ్లినా, ఇల్లు మారేటప్పుడు గోడకు ఆనించినా దెబ్బ ఫ్రేము కాచుకుంటుంది.

దుకాణాల్లో ఈ లోతు బీడింగు దొరకకపోతే నిరాశ పడకండి. మంచి వడ్రంగి దీన్ని సులభంగా చేస్తాడు. అడుగు పట్టీ ఒకటి, నిలువు పట్టీ ఒకటి, రెండూ కలిపి బిగిస్తే ఎల్ ఆకారం వస్తుంది. మూలలు 45 డిగ్రీల కోతతో కలపాలి. కాగితం మీద పక్కనుంచి కోసినట్టు బొమ్మ గీసి, అడుగు పట్టీ వెడల్పు, నిలువు పట్టీ ఎత్తు, ఖాళీ, ఈ మూడు కొలతలూ రాసివ్వండి. మన జిల్లాలో చెక్కపనికి కొదవ లేదు. ఏర్పేడు దగ్గరి మాధవమాల చెక్క శిల్పాలకే పేరుపొందిన ఊరు. అయితే చేయి తిరిగిన పనివాడు దొరికాడు కదా అని ఫ్రేము మీద హంసలు, లతలు చెక్కించవద్దు. ఎత్తుపల్లాలున్న చిత్రం పక్కన ఎత్తుపల్లాలున్న ఫ్రేము పెడితే రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి.

ఏ సరుకు

మన వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకోవాలి. మేలో 40 డిగ్రీలు దాటే ఎండ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు చూసినవారికి గోడల చెమ్మ గురించి వేరే చెప్పనక్కరలేదు.

బాగా ఆరిన టేకు నా మొదటి ఎంపిక. వంగదు, స్క్రూ గట్టిగా పడుతుంది, చెదలు త్వరగా పట్టవు. పచ్చి చెక్కతో చేస్తే మొదటి ఎండాకాలానికే మూలలు విచ్చుకుంటాయి. చెక్క పీచును జిగురుతో ఒత్తి చేసే ఎండీఎఫ్ పలక నునుపుగా, చౌకగా ఉంటుంది కానీ చెమ్మ తగిలితే ఉబ్బుతుంది. లోపలి పొడి గోడలకే దాన్ని వాడండి. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడవుతున్న సింథటిక్ బీడింగు తేలిక, చెద పట్టదు, చిన్న చిత్రాలకు బాగానే ఉంటుంది. కానీ పెద్ద, బరువైన చిత్రాన్ని దాని మీద నిలపడం నాకు నచ్చదు. స్క్రూ పట్టు తక్కువ, పొడవు పెరిగే కొద్దీ మధ్యలో వంగుతుంది. అల్యూమినియం గట్టిది, సన్నగా కూడా ఉంటుంది, ఆధునిక చిత్రాలకు నప్పుతుంది. తగిన లోతు దొరికితే నిస్సందేహంగా తీసుకోండి.

ఎర్రచందనం ఫ్రేము చేసిస్తామని ఎవరైనా అంటే దూరంగా ఉండండి. శేషాచలం అడవుల ఆ చెట్టుకు చట్టరక్షణ ఉంది. గోడ మీది అందం కోసం ఆ అడవిని తరిగించే పనిలో మనం భాగం కాకూడదు.

ఇప్పుడు రంగు

బీడింగు మూలముక్కలు నాలుగైదు ఇంటికి ఇవ్వమని అడగండి. చాలామంది కొద్ది బయానా తీసుకుని ఇస్తారు. దుకాణంలోని తెల్లని ట్యూబులైటు కింద నిర్ణయం తీసుకోవద్దు. చిత్రం ఉండబోయే గోడ దగ్గర, పగలొకసారి, రాత్రి దీపాలు వేశాక ఒకసారి ముక్కను చిత్రం మూలకు ఆనించి చూడండి. ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీసి చూడడం మరో మంచి పరీక్ష. ఫ్రేము, చిత్రం అంచు రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతే ఆ ఫ్రేము చిత్రాన్ని పట్టి నిలపలేదు. ఒకటి ముదురుగా, ఒకటి లేతగా కనిపించాలి.

తెలుపు మీద తెలుపుగా వేసే టెక్స్చర్ చిత్రాలకు లేత చెక్క రంగు అద్భుతంగా కుదురుతుంది. ముదురు నీలం, ఎరుపు, నలుపు ఎక్కువగా ఉన్నవాటికి సహజమైన టేకు రంగు వెచ్చదనాన్ని ఇస్తుంది. నలుపు ఫ్రేము ఎక్కడైనా సరిపోతుందంటారు. అది నిజమే కానీ, చిన్న గదిలో పెద్ద చిత్రానికి నలుపు వేస్తే గోడ మీద బరువుగా కూర్చుంటుంది. బంగారు రంగును నేను కాదనను. చిత్రంలోనే బంగారు రేకు, రాగి పొడి ఉంటే ఫ్రేము ముందు అంచు మీద సన్నని బంగారు గీత చాలు. మందమైన రంగుకు పేరుపొందిన వాన్ గోహ్ 1887లో తన పళ్ల చిత్రం ఒకదానికి ఫ్రేము మీద కూడా తానే పసుపు రంగు వేశాడు. చిత్రం అంతా పసుపే, ఫ్రేము కూడా పసుపే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆయన మ్యూజియంలో అది ఇప్పటికీ ఉంది. మీ చిత్రకారుడు అందుబాటులో ఉంటే ఆయన మనసులో ఏ ఫ్రేము ఉందో తప్పక అడగండి. సోఫా రంగుకు, కర్టెన్ రంగుకు మాత్రం ఫ్రేమును జతచేయకండి. అవి మారతాయి, చిత్రం ఉంటుంది.

ధర లెక్క

బీడింగుకు అడుగుల లెక్కన ధర కడతారు. 24 × 36 అంగుళాల చిత్రం చుట్టుకొలత 120 అంగుళాలు, అంటే 10 అడుగులు. మూలల కోత వల్ల దీనికి బీడింగు వెడల్పుకు ఎనిమిది రెట్లు కలపాలి. 2 అంగుళాల బీడింగైతే ఇంకో 16 అంగుళాలు. ఫ్లోటర్‌లో ఖాళీ కూడా చేరుతుంది కాబట్టి పదకొండున్నర అడుగులు అనుకోండి. ఈ లెక్క తెలిసి వెళితే బేరం కూడా మర్యాదగా సాగుతుంది.

పని జరిగేటప్పుడు దగ్గరుండండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. పటం కట్టేవారు అలవాటుగా బొమ్మను బల్ల మీద బోర్లా పడేసి వెనక పని మొదలుపెడతారు. అచ్చుబొమ్మకు అది ప్రమాదం కాదు, టెక్స్చర్ చిత్రానికి అదే చావుదెబ్బ. బల్ల మీద బోర్లా పెట్టవద్దని మొదటి మాటగానే చెప్పండి. ఫ్లోటర్ ఫ్రేమును రెండు బల్లల మధ్య వంతెనలా ఉంచి, కాన్వాస్‌ను పైనుంచి లోపల పెట్టి, కింద నుంచి స్క్రూలు బిగించాలి. నాలుగు వైపులా ఖాళీ సమానంగా రావడానికి ఒకే మందం ఉన్న అట్టముక్కలు దోపి, బిగించాక తీసేయాలి.

మేకులు, సుత్తి వద్దు. దెబ్బల అదురుకు గట్టిపడిన పేస్టు బీటలు వారుతుంది. జిగురు కూడా వద్దు. రేపు కాన్వాస్ బయటికి తీయాల్సి వస్తే దారి ఉండాలి. స్క్రూ పొడవు ఇలా లెక్క వేయండి: అడుగు పట్టీ 10 మిల్లీమీటర్లు, కాన్వాస్ చట్రం 20 మిల్లీమీటర్లు అయితే 20 మిల్లీమీటర్ల స్క్రూ. అది చట్రంలో సగం దాకా దిగుతుంది. 32 మిల్లీమీటర్లది వేస్తే బొమ్మలోంచి బయటికి పొడుచుకు వస్తుంది.

చిత్రం చుట్టి తెచ్చుకున్నదైతే ఫ్రేముకు ముందే చట్రం మీద బిగించాలి. మందమైన టెక్స్చర్‌ను అసలు చుట్టకూడదు. తప్పనిసరైతే రంగు ఉన్న వైపు బయటికి వచ్చేలా, లావుపాటి గొట్టం మీద చుట్టాలి. బిగించేటప్పుడు డోలు చర్మంలా లాగవద్దని చెప్పండి.

ఇంటికి తెచ్చేటప్పుడు బబుల్ షీటు రంగుకు తగలకూడదు. వేడికి మెత్తబడిన అక్రిలిక్ మీద ఆ బుడగల ముద్రలు పడతాయి. ఫ్రేము నాలుగు మూలలకూ అట్ట తొడుగులు వేసి, ముందు వైపు గట్టి అట్ట కట్టి, దాని మీద ఏం చుట్టినా పరవాలేదు. ఎండలో నిలిపిన కారులో ఉంచి భోజనానికి వెళ్లవద్దు.

గోడ మీద

పడమటి ఎండ పడే గోడ, వానకు చెమ్మెక్కే బయటి గోడ వద్దు. ఒక్క మేకుకు తాడుతో వేలాడదీయకుండా, ఫ్రేము వెనక రెండు వైపులా రింగులు, గోడకు రెండు స్క్రూలు పెట్టించండి. ఇటుక గోడకు 6 మిల్లీమీటర్ల రంధ్రం, ప్లగ్గు, స్క్రూ. కింది రెండు మూలల వెనక రబ్బరు లేదా ఫెల్టు బిళ్లలు అంటిస్తే గోడకూ చిత్రానికీ మధ్య గాలి ఆడుతుంది. చిత్రం నడుమ భాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉంటే నిలబడి చూసేవారికి బాగుంటుంది. సోఫా పైన అయితే సోఫా వీపుకు 6 నుంచి 8 అంగుళాల పైన ఆపండి.

దీపం ఎదురుగా కాకుండా పైనుంచి ఏటవాలుగా పడాలి. ఎదురు వెలుగులో గట్లు చదునైపోతాయి, ఏటవాలు వెలుగులో ప్రతి గట్టూ తన నీడతో లేచి నిలబడుతుంది. దుమ్ము దులపడానికి గుడ్డ వాడవద్దు, దాని పోగులు గట్ల మొనలకు చిక్కుకుంటాయి. మెత్తని పొడి బ్రష్షు చాలు.

మొదటి వానాకాలం గడిచాక, డిసెంబరు చివర్లో ఒకసారి చిత్రాన్ని దించి వెనక్కి తిప్పి చూడండి. మూలల కోతలు విచ్చుకున్నాయా, స్క్రూలు వదులయ్యాయా, వెనక బూజు మచ్చలు ఉన్నాయా, చెద మట్టి గీతలు కనిపిస్తున్నాయా అని వెతకండి. కాన్వాస్ సడలి ఉంటే చట్రం మూలల్లోని చిన్న చెక్క చీలలను బొటనవేలితో మెల్లగా లోపలికి నొక్కండి. చీలలు లేని చట్రమైతే కట్టినవారి దగ్గరికే తీసుకెళ్లండి.